లోపలి బెజ్జం

మొన్న గుడివాడ దగ్గర మా చిన్నత్త మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాను. భోజనాలయ్యాక అందరూ ఫోటోల మీద పడితే నేను పెరటి గేటు తీసుకుని పొలం గట్టు మీదికి వచ్చాను. వరి చేలో డ్రోన్‌తో మందు కొడుతున్నారు. దాన్ని నడిపే అతను తలకి తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మధ్యలో అతనికి ఫోనొచ్చింది. చేతిలోని రిమోట్ పెట్టెని మెడకి వేలాడేసుకుని, రెండు చేతులూ దాని మీంచి తీసేసి, ఎవరితోనో తీరిగ్గా మందు డబ్బాల సంగతి మాట్లాడాడు. అంతసేపూ డ్రోన్ చేను నడుమ మనిషెత్తున మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. "అలా వదిలేస్తే పడిపోదా అండీ?" అని అడిగాను. "పడదు మేడం. చేతులు తీసేస్తేనే ఇంకా బాగా నిలబడుద్ది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పోయి నాలుగేళ్ళయిన మా నాన్న గుర్తొచ్చాడు, గట్టు మీద నిలబడి ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. మందు కళ్ళలో పడిందనుకుని పాపం ఆ డ్రోన్ అతను నన్ను దూరంగా వెళ్ళమన్నాడు.

నాన్న పేరు కోటేశ్వరరావు. బందరులో, చిలకలపూడిలో, రోల్డ్‌గోల్డ్ నగలు చేసే ఒక కార్ఖానాలో అతుకుల పనివాడు. దిద్దు వెనక చెవిలోకి దూరే కాడ ఉంటుంది చూడండి, దాన్ని మంటతో అతికేది ఆయనే. బుట్టల కింద ఆవగింజంత రింగులు అతికేదీ ఆయనే. ఇరవై మంది పనిచేసే ఆ కార్ఖానాలో సన్నపని పీట మీద కూర్చునేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అందులో కిటికీ పక్క పీట నాన్నది. ఆయన అతికిన కమ్మలు పక్కగదిలో మస్తాన్ మావయ్య దగ్గరికి బంగారు పూతకి వెళ్ళేవి. మస్తాన్ మావయ్య మాకు చుట్టమేమీ కాదు. మా అమ్మని అక్కా అని, నాన్నని బావా అని పిలిచేవాడు, అలా నాకు మావయ్య అయ్యాడు. రంజాన్‌కి వాళ్ళింటి సేమ్యా మాకు రాకపోతే అమ్మ అలిగేది. నాన్న ఎనిమిదితో బడి మానేసినవాడు. నన్ను మాత్రం పట్టుబట్టి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్‌లో చేర్పించాడు. నేను ల్యాబ్ పని ఇంటికి తెచ్చుకుని వైర్లు అతుకుతుంటే వంగి చూసి, "ఇదేం అతుకమ్మడూ, గోడకి పిడక కొట్టినట్టుంది" అని వెక్కిరించేవాడు.

విమానం మా ఇంటికి గోనెసంచిలో వచ్చింది. గుడివాడలో ఒక కంటి డాక్టరుగారికి దాని పిచ్చి. బ్యాటరీతో, మోటారుతో ఎగిరే విమానం, బారెడు రెక్క. కింద నిలబడి రేడియో పెట్టె మీది రెండు పుల్లలు కదుపుతూ దాన్ని నడపాలి. అది ఉయ్యూరు దగ్గర చెరుకుతోటలో పడి మూడు ముక్కలైంది. మోటారు తీగ మొదలంటా తెగింది. అంత లోపలికి దూరి అతకడం ఎవరి వల్లా కాకపోతే, చిలకలపూడి వాళ్ళయితే అతుకుతారని ఎవరో చెప్పారట. నాన్న పావుగంటలో అతికిచ్చాడు. డాక్టరుగారు తన భూతద్దం తీసి చూసి, "నేను కంట్లో ఇంత సన్నగా కుట్టలేనండీ" అన్నారు. ఆ మాట నాన్న చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఆయనకప్పటికే మోకాళ్ళ నొప్పులు, పొలాలెంట తిరిగే ఓపిక లేదు. "మీరే బాగుచేసుకుని ఎగరేసుకోండి, ఆదివారాలు వస్తే నేర్పుతాను" అని రేడియోతో సహా వదిలేసి వెళ్ళారు. ఆ వేళ నాన్న మొహం చూసి తీరాలి. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కొత్త పెళ్ళికొడుకులాగా సిగ్గుపడ్డాడు.

అప్పట్నుంచి మా ఇల్లు ఇల్లులాగా లేదు. బల్సా కర్ర అని, బెండులాంటి తేలిక చెక్క. దాన్ని ఉప్పుకాగితంతో రుద్దితే వచ్చే పొడి ఇడ్లీ పిండి మీద పడేది, అమ్మ తిట్టేది. జిగురు వాసన, అమ్మ వేసే పోపు వాసన, సముద్రం వైపు నుంచి గాలి మళ్ళితే ఎండుచేపల వాసన, మూడూ కలిసి మా ముందుగదిలో కాపురం ఉండేవి. రెక్క మీద రంగు ప్లాస్టిక్ కాగితం పరిచి ఇస్త్రీపెట్టెతో కాలిస్తే అది ముడుచుకుని డప్పులాగా బిగుస్తుంది. నాన్న అమ్మ ఇస్త్రీపెట్టె వాడాడు. మర్నాడు ఎవరిదో పెళ్ళికి కట్టుకెళ్దామని అమ్మ ఇస్త్రీ చేసుకున్న పట్టుచీర మీద అరచేతి మేర ఎర్రమరక పడింది. "ఏవండీ, విమానమెక్కి ఎటైనా పోండి" అంది అమ్మ. వారం రోజులు మాటల్లేవు. నాన్న కొత్త ఇస్త్రీపెట్టె తెచ్చి, పాతది విమానానికి ఇచ్చేశాక గాని సంధి కుదరలేదు. అయినా రెక్క ఆరబెట్టిన పూట తుడవాల్సొస్తే అమ్మే దాన్ని రెండు చేతులా ఎత్తి మంచం మీద పడుకోబెట్టేది, పసిపిల్లని మార్చినట్టు. అడిగితే ఒప్పుకునేది కాదు.

మొదటి తప్పు చిలకలపూడి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు. మా ఊరి ఉప్పుగాలికి నగ నల్లబడకుండా, పూత అయ్యాక లాకరు అనే మెరుగు వేస్తారు. లాకరు పడకుండా ఏ వస్తువూ గడప దాటకూడదని అక్కడ అందరికీ ఒంటబట్టిన అలవాటు. నాన్న, మస్తాన్ మావయ్య కలిసి విమానానికి ముక్కు నుంచి తోక దాకా మూడు చేతులు లాకరు కొట్టారు. ఎండలో పెడితే అద్దంలో మొహం చూసుకోవచ్చు. ఆదివారం గుడివాడ పక్కన కోసిన చేలో డాక్టరుగారి ముందు వదిలారు. అది పరిగెత్తింది, గెంతింది, గట్టుదాకా పోయి ఆగింది. లేవలేదు. డాక్టరుగారు దాన్ని చేత్తో ఎత్తి బరువు చూసి, "కోటేశ్వరరావుగారూ, దీన్ని చెవులకి పెట్టుకోవట్లేదండీ, ఎగరేస్తున్నాం" అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నాన్నే. ఆ వారమంతా ముగ్గురం కూర్చుని మెరుగు గీకేశాం. గీకిన ప్రతి ముక్కనీ కార్ఖానా త్రాసులో తూచి, ఎనభై గ్రాముల మెరుపు తీసేశామని నాన్న గోడ మీద పెన్సిల్‌తో రాశాడు. తరవాతి ఆదివారం అది లేచింది.

బ్యాటరీ నింపడం మస్తాన్ మావయ్య వంతు. పూత తొట్టికి కరెంటిచ్చే పెట్టె ఉంటుంది, దాన్ని సన్నగా తిప్పి అందులోంచే నింపేవాడు. నిండిందో లేదో చూడ్డానికి మీటరు లేదు. నిండాక బ్యాటరీ వెచ్చబడుతుంది కాబట్టి, చెయ్యి వెనక్కి తిప్పి వేళ్ళ మెటికలు ఆనించి, "ఇంకో అయిదు నిమిషాలు" అనేవాడు. నేను కాలేజీ నుంచి మీటరు తెచ్చి పరీక్షిస్తే ఒక్కసారీ తప్పలేదు. అలా నింపితే ఆరేడు నిమిషాలు ఎగిరేది. ఆ ఆరేడు నిమిషాల కోసం వారమంతా పని. ప్రొపెల్లరు బీటలు చూడాలి, చక్రం తీగ వంకర తియ్యాలి, రెక్కకి చిల్లు పడితే అతుకెయ్యాలి. అదంతా నాన్న తొందర లేకుండా, ఈల వేసుకుంటూ చేసేవాడు. ఎగరేసేటప్పుడు మాత్రం మనిషే మారిపోయేవాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, నోరు కొంచెం తెరిచి, విమానం ఎడమకి తిరిగితే తనూ ఎడమకి ఒరిగేవాడు. బడిలోనూ పనిలోనూ తలొంచుకుని బతికిన మనిషి తలెత్తి నిలబడటం నేను అక్కడే చూశాను. నాన్నంటే నాకు ఇష్టం ముందునుంచీ ఉంది. గొప్ప అని అనుకోవడం ఆ చేలలోనే మొదలైంది.

రెండో ఏడాది సంక్రాంతి వెళ్ళాక విమానం వణకడం మొదలుపెట్టింది. పెద్ద వణుకు కాదు. ఎగురుతున్నంతసేపూ తోక సన్నగా అటూ ఇటూ కొట్టుకునేది. "ఏదో వదులైందమ్మడూ, చూడు" అన్నాడు నాన్న. చదువుకున్నదాన్ని కదా, నడుం కట్టాను. తోకని కదిపే చిన్న మోటారుని సర్వో అంటారు, దాన్ని మార్చాను. కనెక్షన్లన్నీ స్పిరిట్‌తో తుడిచాను. రేడియోలో క్రిస్టల్ అని ఒక బిళ్ళ ఉంటుంది, డాక్టరుగారినడిగి వేరేది పెట్టాను. రేడియో పెట్టెని నేల మీద పెట్టి, విమానం పట్టుకుని అరవై అడుగులు నడిచి చూస్తే తోక నిక్షేపంగా ఉండేది. గాల్లోకి వెళ్తే మళ్ళీ అదే వణుకు. "ఉప్పుగాలి బావా, లోపల ఎక్కడో చిలుము పట్టింది" అనేవాడు మస్తాన్ మావయ్య ప్రతి ఆదివారం. ఆరు వారాలు నేను ఆ చిలుము కోసం వెతికాను. దొరకనందుకు ఇన్‌స్ట్రక్టరుని తిట్టాను, సిలబస్‌ని తిట్టాను.

ఒక ఆదివారం విమానం ఎత్తున ఉండగా నాన్న కంట్లో పురుగు పడింది. "పట్టుకో పట్టుకో" అని రేడియో పెట్టె నా చేతిలో పెట్టి కళ్ళు నలుపుకుంటూ కూర్చున్నాడు. తిన్నగా పోనివ్వడం వరకే నాకు వచ్చు, తిన్నగానే పోనిచ్చాను. విమానం వణకలేదు. గీత గీసినట్టు వెళ్ళింది. అర నిమిషం తర్వాత నాన్న లేచి పెట్టె తీసుకున్నాడు, తోక మళ్ళీ కొట్టుకోసాగింది. అప్పుడు నేను ఆకాశం వైపు చూడటం మానేసి నాన్న బొటనవేళ్ళ వైపు చూశాను. పుల్లల మీద అవి రెండూ సన్నగా వణుకుతున్నాయి. పక్కనే ఉన్న మస్తాన్ మావయ్యకి కనిపించకూడదని గబగబా ఆయనకి అడ్డంగా వెళ్ళి నిలబడి, మంచినీళ్ళ సీసా ఇమ్మని ఏదో వాగాను.

నా భయం ఎందుకో చెప్పాలి. కార్ఖానాలో ఒకరి చెయ్యి పట్టు తప్పిందని తెలిస్తే ఎవరూ ఒక్కమాట అనరు. తిట్టరు, పొమ్మనరు. ఒకరోజు పొద్దున అతను వచ్చేసరికి పీట ముందు ఉండే పళ్ళెం మారి ఉంటుంది. దిద్దుల పళ్ళెం బదులు గాజుల పళ్ళెం ఉంటుంది. గాజుకి అతుకు ఒక్కటే, అదీ లావుపాటిది. అతను కిక్కురుమనకుండా కూర్చుని గాజులు అతుకుతాడు. దాన్ని మర్యాద అంటారు వాళ్ళు. కిందటేడే ఒక పెద్దాయనకి అలా మారిస్తే నాన్న రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. "ఆయన్ని ఒక మాట అడిగుండాల్సింది" అని మాత్రం అన్నాడు. ఆ కిటికీ పక్క పీట పోతే నాన్న ఏమైపోతాడో నాకు ఊహకి అందలేదు. మస్తాన్ మావయ్య ఎంత మంచివాడైనా కార్ఖానా మనిషే కదా అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లలు ఎగరేసే డ్రోన్లు చూస్తాను. లోపలున్న చిప్పులు వణుకుని తీసేసి, గాలిని లెక్కేసి, ఎవరి చేతిలో పెట్టినా ఒకేలా ఎగురుతాయి. మంచిదే, నేనూ పాఠం చెప్తాను వాటి గురించి. కానీ మా రోజుల్లో కింద మనిషి ఎలా ఉంటే పైన విమానం అలా ఉండేది. డాక్టరుగారు ఎగరేస్తే తొందర కనిపించేది, నేను ఎగరేస్తే పిరికితనం కనిపించేది. దాచుకునే వీలు లేదు. ఆ వీలు లేకపోవడం వల్లే మా నాన్న ఏమిటో నాకు తెలిసింది.

ఇంతలో మా కార్ఖానా ఓనరుగారు మనవడికి మోపిదేవిలో చెవులు కుట్టించాలనుకున్నారు. కుట్టే తీగ కార్ఖానా వాళ్ళే చెయ్యాలి, అందరూ రావాలి అని రెండు వ్యాన్లు మాట్లాడారు. "కోటేశ్వరరావూ, నీ విమానం కూడా తెచ్చెయ్, పిల్లలు చూస్తారు" అన్నారు నాన్నతో. కాదనడానికి నాన్న ఏదో వెతుక్కోవడం నేను చూశాను, ఏమీ దొరకలేదు. దారంతా ఆయన చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మోపిదేవిలో అందరూ పుట్టలో పాలు పొయ్యడానికి లైన్లో నిలబడితే నేను తలనొప్పని వ్యాన్‌లో ఉండిపోయాను. విమానం కడుపు మూత తీశాను. సర్వోకి ఒక చిన్న పుల్ల, దానికి వరసగా నాలుగు బెజ్జాలు ఉంటాయి. తోకదాకా వెళ్ళే ఇనప కడ్డీ బయటి బెజ్జంలో ఉంటే తోక ఎక్కువ కదులుతుంది, లోపలి బెజ్జంలో ఉంటే కొంచెమే కదులుతుంది. కడ్డీని తీసి లోపలి బెజ్జంలో పెట్టాను. ఇక ఆయన వేలు వణికినా తోకదాకా చేరదు. మూత పెట్టేసి, చెవులు కుట్టేటప్పుడు పిల్లాడు ఏడుస్తుంటే నేనూ వెళ్ళి అందరితో పాటు నవ్వాను.

భోజనాలయ్యాక ఊరి బయట కోసేసిన మినప చేలోకి వెళ్ళాం. ఓనరుగారికి కుర్చీ వేశారు. నాన్న విమానాన్ని లేపాడు. అది వణకలేదు. హాయిగా, బరువుగా, పెద్ద పెద్ద వంపులు తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను మస్తాన్ మావయ్య వైపు గర్వంగా చూశాను. రెండు చుట్లు తిరిగాక నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. పుల్లని చివరిదాకా తోసి చూశాడు, విమానం సోమరిగా ఒరిగింది. ఇంకేమీ చెయ్యకుండా దించేశాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మూత తీసి, లోపలికి చూశాడు.

"నా పళ్ళెం మార్చావా అమ్మడూ?" అన్నాడు, నాకొక్కదానికే వినపడేట్టు.

"అది కాదు నాన్నా. వీళ్ళందరూ ఉన్నారని..."

"ఒక మాట అడగొచ్చుగా."

అవమానమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆయనకి జరగకూడదని నేను వణికి చచ్చిన పనిని నేనే చేశాను, అదీ చెప్పకుండా. నాన్న సన్నముక్కు పటకారు తీసుకుని కడ్డీని మళ్ళీ బయటి బెజ్జంలో పెట్టబోయాడు. రెండుసార్లు గురి తప్పింది. చెవి వెనక కాడలు లక్షల్లో అతికిన చెయ్యి అది. పటకారు నాకిచ్చి, "బయటిదాంట్లోనే పెట్టు" అన్నాడు. పెట్టాను.

మళ్ళీ లేపాడు. ఈసారి పైకి తీసుకెళ్ళలేదు. తక్కువ ఎత్తులో, అందరి తలల మీదుగా, ఎవరికీ కనపడకుండా పోయే వీల్లేకుండా తిప్పాడు. తోక కొట్టుకుంటోంది, రెక్కలు అదురుతున్నాయి. "గాలికా అలా ఊగుతోంది?" అని అడిగారు ఓనరుగారు.

"గాలి లేదండి. అది నా చెయ్యండి" అన్నాడు నాన్న, విమానం మీంచి చూపు తిప్పకుండా. "నాలుగు నెలల్నుంచీ ఇలాగే ఉంది. చెప్పడానికి మొహం చెల్లలేదండి. రేపట్నుంచి నేను గాజుల దగ్గర కూర్చుంటానండి."

అంటూనే దించాడు. విమానం ఒక రెక్క నేలకి తగిలి గిర్రున తిరిగి ఆగింది. మస్తాన్ మావయ్య వెళ్ళి దాన్ని ఎత్తుకుని, దుమ్ము ఊదుతూ తెచ్చాడు. "అదేంటయ్యా, నీ దిద్దులు ఒక్కటి కూడా ఊడి వెనక్కి రాలేదే?" అన్నారు ఓనరుగారు. నాన్న ఆ మాట విని నెమ్మదిగా మస్తాన్ మావయ్య వైపు తిరిగాడు. ఆయన విమానం చక్రాన్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"నువ్వా మస్తానూ?"

"ఎన్నోలేవులే బావా. పూతకి ముందు ఎలాగూ చేత్తో చూస్తాంగా, వదులున్నవి అలా ఒకసారి మంట చూపించేవాణ్ణి."

"ఉప్పుగాలి అన్నావు."

"ఏదో ఒకటి అనాలిగా."

నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ వణుకుతూనే ఉంది, దాన్ని తీసి దాచుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఓనరుగారు కుర్చీలోంచి లేచి, "నీ ఇష్టం కోటేశ్వరరావూ. కిటికీ పక్క పీట మాత్రం నీదే, గాజులు అక్కడికే తెప్పించుకో" అని వ్యాన్ల వైపు నడిచారు.

అందరూ సర్దుకుంటుంటే నాన్న సంచిలోంచి రెండో బ్యాటరీ తీసి విమానంలో పెట్టాడు. రేడియో పెట్టె పట్టీ తన మెడలోంచి తీసి నా మెడలో వేశాడు. "లేపు" అన్నాడు.

అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా లేపలేదు, దించలేదు. పుల్లల మీద బొటనవేళ్ళు పెడితే రెండూ టకటకా కొట్టుకుంటున్నాయి. చేతులు ఆయనకి చూపించి, "నా చేతులూ వణుకుతున్నాయి నాన్నా" అన్నాను.

నాన్న వాటిని పట్టి చూశాడు, నగని పరీక్షగా చూసే మనిషి చూసినట్టే.

"నీది భయమమ్మా. అది పోయే వణుకే. లేపు."

లేపాను. రెండో చుట్టుకి వణుకు పోయింది.